పక్క బల్ల సాక్ష్యం

నా సర్వీసు ఇంకా రెండేళ్లు మిగిలి ఉండగా, వేసవి సెలవులు ముగిసి కోర్టులు తెరిచిన జూన్ నెలలో, నన్ను డెప్యుటేషన్ మీద న్యాయవృత్తి ప్రమాణాల పర్యవేక్షణ కమిషన్‌కు పంపారు. హోదా విచారణాధికారి. జిల్లా జడ్జి స్థాయి వాళ్లనే ఆ పనికి వేసేవారు. కర్నూలు, కడప ప్రాంతాల కోర్టులన్నీ నా కిందికి వచ్చాయి. కార్యాలయం కర్నూలులో, ఒకప్పుడు పాత రికార్డులు పెట్టిన గది. ఎంత ఊడ్చినా చెదపురుగుల మందు వాసన పోయేది కాదు. నెలలో రెండు వారాలు కడపలో ఒక అతిథి గృహంలో క్యాంపు. సిబ్బంది ఇద్దరే, స్టెనోగ్రాఫర్ పద్మావతి, ఒక అటెండరు.

కమిషన్ ఏం చేస్తుందో కోర్టులకు రోజూ వచ్చేవాళ్లకే సరిగా తెలియదు కనుక చెబుతాను. లాయరు తనను గాలికి వదిలేశాడనో, జడ్జి నడవడిక బాగాలేదనో ఎవరైనా అర్జీ పెట్టుకుంటే, అందులో నిజమెంతో విచారించి పైకి నివేదిక పంపడం మా పని. శిక్ష వేసే అధికారం లేదు. లాయర్ల సంగతి వాళ్ల మండలి చూసుకుంటుంది, జడ్జీల సంగతి పైకోర్టు చూసుకుంటుంది. తీర్పుల జోలికి మేము అసలు పోకూడదు.

నివేదికలు రెండు రకాలు. తప్పు ఒక్క మనిషిదైతే అది వ్యక్తిగత లోపం. ఆ నివేదిక రహస్యం, అర్జీదారుకు కూడా ఇవ్వరు. అదే తప్పు, ఒకే కోర్టులోనైనా వేరే కోర్టుల్లోనైనా, ఒకరికంటే ఎక్కువమంది జడ్జీల హయాంలో అలవాటుగా సాగిందని సాక్ష్యం దొరికితే దాన్ని వాడుక లోపం అనేవారు. అప్పుడు జరిగినదంతా తెలుగులో రాసి, అర్జీదారు పేరుతో సహా, అర్జీ ఏ కోర్టు మీద వచ్చిందో ఆ కోర్టు నోటీసు బోర్డుకు అంటించాలి. అందరికీ తెలిస్తేనే అలవాటు మారుతుందని ఆ నియమం రాసినవాళ్ల ఉద్దేశం. ఈ రెండో రకం నివేదిక రాసే అవకాశం నా రెండేళ్లలో ఒక్కసారే వచ్చింది. ఈ వ్యాసం దాని గురించే.

నేను చాదస్తపు మనిషిని. ఆ ఉద్యోగానికి చాదస్తం కావాలనే అనుకునేవాణ్ణి. బనగానపల్లెలో నాకొక పాత మిత్రుడు ఉండేవాడు, లాయరు. ఏటా ఒక బుట్ట మామిడిపళ్లు పంపేవాడు. నేను కమిషన్‌లో చేరిన పది రోజులకు ఆఖరి కోత కాయలు వచ్చాయి. బుట్టను తెచ్చినవాడి చేతనే వెనక్కి పంపి, ఎందుకు తీసుకోకూడదో వివరిస్తూ ఒక ఉత్తరం జతచేసి, దాని నకలు ఫైలులో పెట్టాను. మా ఆవిడ రెండు రోజులు ముఖం ముడుచుకుంది. ఆ మిత్రుడు ఇప్పటికీ నాతో మాట్లాడడు.

ఆగస్టులో ఉరుకుందమ్మ అర్జీ వచ్చింది. కర్నూలుకు పడమట, వాన మొహం చూడని పల్లె ఆమెది. యాభై దాటిన మనిషి, కూలికి పోతుంది. అర్జీ ఎవరో టైపు చేసి పెట్టారు. నాలుగు పేజీల నిండా పొలం సర్వే నంబర్లు, చట్టం సెక్షన్లు ఉన్నాయి. మనిషిని పిలిపించి అడిగితే ఆమె పొలం ఊసే ఎత్తలేదు.

"భూమి పాయె సామీ, పోనీ. నా కొడుకు నాతో మాట్లాడ్తా లేడు. నేను ఆ మాట అన్లేదని ఒక కాగితం రాసియ్యండి. వానికి సూపిస్తా" అంది.

కథ ఇది. ఆమె భర్త పోయాడు. భర్త తమ్ముడికి భార్య ఈమె సొంత చెల్లెలే. అక్కచెల్లెళ్లను అన్నదమ్ములకు ఇవ్వడం అటువైపు ఊళ్లలో మామూలే. ఉమ్మడి పొలంలో తండ్రి భాగం కోసం కొడుకు ఈరన్న, తల్లిని కలుపుకుని, చిన్నాయన మీద దావా వేశాడు. పంపకం ఎప్పుడో నోటిమాటగా అయిపోయిందని, అన్న తన భాగం తానే అమ్ముకున్నాడని చిన్నాయన వాదన. దానికి కాగితమేదీ లేదు. సాక్షిగా ఉరుకుందమ్మను ఎదుటి లాయరు ప్రశ్నించినప్పుడు, రికార్డులో ఆమె జవాబు ఇలా ఉంది: "నా భర్త బతికి ఉండగానే పంపకం జరిగిన మాట వాస్తవమే. ఆయన భాగం ఆయన అమ్ముకున్నాడు." ఆ రెండు వాక్యాల మీదే దావా కొట్టేశారు.

ఈరన్న ఇంటర్ దాకా చదివినవాడు. సాక్ష్యం నకలు తెచ్చి చదువుకున్నాడు. కింద తల్లి వేలిముద్ర ఉంది. చెల్లెలి కాపురం బాగుండాలని తల్లి తన నోరు కొట్టిందని నిశ్చయించుకున్నాడు. అప్పీలుకు పోదామని ఆమె అంటే, నువ్వే ఒప్పుకొంటివి, ఇంక అప్పీలు దేనికి అన్నాడట. అదే ఆమెతో ఆఖరి మాట. గడువు దాటిపోయింది. దున్నుకునే నేల పోవడంతో ఎర్రగుంట్ల వెళ్లి సిమెంటు లారీల మీద పనికి కుదిరాడు. ఆమె రెండుసార్లు వెళ్లింది. తల్లి వచ్చిందని కబురు పంపినా బయటికి రాలేదు.

అసలు ఆ రోజు కోర్టులో ఏం జరిగిందమ్మా అని అడిగాను.

"జడ్జమ్మ పైన కూర్చోని ఇంకెవరినో అడుగుతాండె. నన్ను పక్కన బల్ల కాడ నిలబెట్రి. అవతలాయన అడగతా ఉంటే కాదంటి, కాదంటి, అన్నిటికీ కాదనే అంటి. గుమాస్తా రాసె. మా లాయరు యాడుండాడో నాకు తెల్దు. సాయంత్రం ఏలిముద్ర ఏయమంటే ఏస్తి. సదివి ఇనిపించలా సామీ."

ఇక్కడ కొంచెం వివరం అవసరం. సాక్షి చెప్పేది జడ్జి స్వయంగా వినాలి. విని, వాక్యంగా కూర్చి రాయించాలి. రాసింది సాక్షికి చదివి వినిపించాలి. సరిగా ఉందని సాక్షి ఒప్పుకున్నాక సంతకమో వేలిముద్రో తీసుకుని, జడ్జి తన సంతకం చేయాలి. ప్రతి సాక్ష్యం అడుగున "చదివి వినిపించగా విని సరియని ఒప్పుకొన్నారు" అన్న వాక్యం ఉంటుంది. ఆ వాక్యం రబ్బరు స్టాంపు. చదివినా పడుతుంది, చదవకున్నా పడుతుంది.

పని ఎక్కువగా ఉన్న చిన్న కోర్టుల్లో ఇంకో పద్ధతి ఉండేది. జడ్జి వేదిక మీద ఒక కేసు వింటూ ఉంటే, అదే హాల్లో గోడవారగా వేసిన బల్ల దగ్గర బెంచి క్లర్కు ఇంకో కేసులో సాక్ష్యం రాసేవాడు. బెంచి క్లర్కు అంటే జడ్జి ముందు కూర్చుని కేసు కట్టలు అందించే గుమాస్తా. లాయర్లిద్దరూ ఆ బల్ల చుట్టూ నిలబడి ప్రశ్నలడిగేవారు, జవాబులు కూడా చాలావరకు వాళ్లే చెప్పి రాయించేవారు. పేచీ వస్తే జడ్జి దగ్గరికి వెళ్లేవారు. రాకుంటే సాయంత్రం కట్ట మొత్తం జడ్జి ముందుకు వెళ్లేది, సంతకాలు పడేవి. ఒక్క పూటలో రెండు పూటల పని. దాన్ని మేము పక్క బల్ల అనేవాళ్లం.

'మేము' అని అన్నాను. ఉరుకుందమ్మ నోట "పక్కన బల్ల" అన్న మాట వినగానే నా బల్ల నాకు గుర్తొచ్చింది. పాతికేళ్ల కింద, అదే జిల్లాలో తూర్పున ఉన్న ఒక కోర్టులో నేను జూనియర్ సివిల్ జడ్జిగా ఉన్నప్పుడు, కిటికీ పక్కన అలాంటి బల్ల ఒకటి వేయించాను. నెలకు ఇన్ని కేసులు తేల్చాలని మాకు లెక్క ఉండేది. ఆ లెక్కలో నేను ఎప్పుడూ వెనకబడలేదు. పై నుంచి మెచ్చుకోలు ఉత్తరాలు వచ్చాయి. కానీ నా కోర్టులో ఎవరి నోట్లోనూ లేని మాట పెట్టలేదు కదా అనుకున్నాను. అలా పెట్టలేదని నాకెలా తెలుసునో ఆ రోజు ఆలోచించలేదు.

ఆమె వాంగ్మూలం పద్మావతికి చెప్పి టైపు చేయించాను. మొదటి నుంచి చివరి దాకా నేనే చదివి వినిపించాను. ఆమె చెంపకు చెయ్యి ఆనించుకుని విన్నది. "నా కుమారుడు నన్ను వదిలి వెళ్లినాడు" అన్న చోట ఆపింది.

"ఇడ్సిపెట్టి పోలేదు సామీ. మాట్లాడ్తా లేడు, అంతే. మార్సండి" అంది.

మార్పించాను. అప్పుడు వేలిముద్ర వేసింది. నాకు తృప్తిగా అనిపించి, అడగని సంగతి కూడా చెప్పాను. కమిషన్ నివేదిక మామూలుగా బయటికి రాదని, అయితే ఇలా సాక్ష్యాలు రాయడం కోర్టుల్లో అలవాటని రుజువైతే, ఆమె విషయం పేరుతో సహా బోర్డు మీద తెలుగులో అంటిస్తారని, ముద్ర ఉన్న నకలు ఎవరైనా తీసుకోవచ్చని అన్నాను. ఆ మాట ఆమె జాగ్రత్తగా పట్టుకుంది. యే బోర్డు, యాడ ఉంటాది అని రెండుసార్లు అడిగింది.

ఆ కోర్టు ఉన్న ఊరి పేరు రాయను. వెళ్లి రికార్డులు తీయించాను. ప్రతి కోర్టులో రోజువారీ డైరీ ఉంటుంది, ఏ కేసు ఏ పూట నడిచిందో అందులో రాస్తారు. ఉరుకుందమ్మను ప్రశ్నించిన పూటలోనే జడ్జి ఒక కొట్లాట కేసులో ఇద్దరు సాక్షులను విచారించినట్టు ఉంది. ఆ సాక్ష్యాలు పదకొండు పేజీలు. అంత రాయించిన జడ్జి అదే పూట ఈ సాక్ష్యం కూడా వినడం మనిషికి సాధ్యం కాదు. ఉరుకుందమ్మ చెప్పింది నిజమని ఆ డైరీ చూశాక నాకు అనుమానం లేకపోయింది. ఎదుటి లాయరు అప్పటికే చనిపోయాడు. జవాబులు తప్పుగా రాయించింది కావాలనో, ప్రశ్ననే జవాబుగా చెప్పే అలవాటు కొద్దీనో ఇక తేలేది కాదు.

ఆమె లాయరు రంగయ్య శెట్టి గారికి నోటీసు ఇచ్చాను. ఆ ఊళ్లో బట్టల కొట్టున్న కుటుంబం, తరాలుగా పరువు గల మనుషులు. ఆయన ముప్పై ఏళ్లకు పైగా ప్రాక్టీసు చేసినవాడు. ఆ పూట ఇంకో హాల్లో బెయిలు వాదిస్తూ ఉండి, మీరు కానీండి, నేను వచ్చి సంతకం పెడతానని ఎదుటి లాయరుతో చెప్పి వెళ్లినట్టు ఆయనే అన్నాడు. అందులో తప్పేముందన్నట్టుగానే అన్నాడు.

"ఒకరికొకరం ఆ మాత్రం సర్దుకోకపోతే పని యెట్ల జరుగుతాదండీ? రేపు ఆయనకు అవసరమైతే నేను చెయ్యనా?"

అది రాతపూర్వకంగా ఇవ్వమంటే నీళ్లు నమిలాడు. మిగతా లాయర్లను ఒక్కొక్కరినే పిలిచి, పక్క బల్ల ఎప్పటి నుంచి ఉందని అడిగాను. అలాంటిదేమీ తమ ఎరుకలో లేదని అందరూ రాసిచ్చారు. అంతకు ముందు అక్కడ పనిచేసిన జడ్జీలూ అదే జవాబు పంపారు. గోడవారగా బల్ల మాత్రం అలాగే ఉంది, మీద సిరా మరకలతో.

జడ్జి పేరు సుజాత. అప్పటికి బదిలీ మీద కడప ప్రాంతానికి వచ్చి ఉంది. కడప క్యాంపులో తలుపులు వేసి విచారించాను. జడ్జీల విచారణ అలాగే జరగాలి. ఆమెకు ముప్పై ఏళ్లు దాటి ఉండవు. ఉరుకుందమ్మ కోర్టు ఆమెకు మొదటి పోస్టింగు. నేను ప్రశ్న పూర్తిచేయక ముందే చెప్పేసింది.

"సంతకం నాదే సార్. ఆమె నోటి నుంచి ఒక్క మాట కూడా నేను వినలేదు."

నిజం చెప్పాలంటే నాకు ఆమె మీద కోపం వచ్చింది, అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు. మిగతావాళ్లంతా నోరు మెదపకుండా ఉంటే ఈ అమ్మాయి తన ఉద్యోగం తానే బల్ల మీద పెట్టింది. తాను చేరేటప్పటికే ఆ బల్ల, కుర్చీ ఉన్నాయని, ఇదేమిటని అడిగితే ఎప్పటి నుంచో ఇంతే అని క్లర్కు చెప్పాడని అన్నది. లేచే ముందు ఒక్కటి అడిగింది. "నేను తప్పించుకోవాలని కాదు సార్. కానీ ముందు నుంచి ఉన్నదని రుజువు దొరికితే అది కూడా రాయండి. నేను ఒక్కదాన్నే కనిపెట్టినట్టు ఉండకూడదు."

రాస్తానని మాట ఇచ్చాను.

మిగిలింది బెంచి క్లర్కు ఖాజా హుస్సేన్. ఆ పేరు ఫైలులో చూసినప్పుడే నేను ఫైలు మూసి ఉండాల్సింది. నా పాత కోర్టులో మూడేళ్లు నా ముందు కూర్చుని కేసు కట్టలు అందించింది అతనే. తర్వాత బదిలీల్లో పడమటికి వెళ్లాడు. విచారణాధికారికి పరిచయం ఉన్న మనిషి సాక్షిగా వస్తే, ఆ సంగతి కమిషన్‌కు రాసి ఫైలు వేరే వాళ్లకు అప్పగించాలని నియమం ఉంది. పరిచయం అంటే చుట్టరికం, స్నేహం అని నేను అర్థం చెప్పుకున్నాను. నా సర్వీసులో ఇరవై మంది క్లర్కులు వచ్చి పోయారు, అందరూ పరిచయమేనా అనుకున్నాను. మామిడిపళ్ల బుట్టకు ఉత్తరం రాసిన మనిషిని ఈ చిన్న కాగితం రాయలేదు.

మధ్యాహ్నం మూడు గంటలకు వచ్చాడు. జుట్టంతా నెరిసింది, కళ్లద్దాలు మందమయ్యాయి. కూర్చోమన్నా కూర్చోలేదు. పక్క బల్ల మీద ఉరుకుందమ్మ సాక్ష్యం రాసింది తనేనని, జవాబులు లాయరు చెప్పగా రాశానని, ఆమె ఏమన్నదో చెవిన పడలేదని, సాయంత్రం చదివి వినిపించలేదని దాపరికం లేకుండా చెప్పాడు. అంతవరకు వాక్యం వాక్యం పద్మావతికి చెబుతూ వచ్చాను. ఈ పద్ధతి నువ్వు ఎప్పుడు మొదలుపెట్టావని అడిగాను. నియమం ప్రకారం అడగాల్సిన ప్రశ్న అది.

అతను నన్ను ఇరికించాలని చెప్పలేదు. పాత ఇంటి సంగతి చెప్పుకున్నట్టు, కొంచెం నవ్వుతూనే చెప్పాడు.

"కొత్తగా పెట్టింది కాదు సార్. మీ కోర్టులో చేస్తిమి గదా, అట్లనే. 'ఖాజా, ఆ బల్ల కాడ నువ్వు కానియ్యి, నేను ఈడ ఇది సూస్తా' అంటాంటిరి. జడ్జమ్మ వచ్చి ఇదేంది అని అడిగితే, పెద్ద సార్ దగ్గర గూడా ఇట్లనే నడిసింది అని నేనే చెప్తి. పక్క బల్ల నేను నేర్చుకొన్నది మీ దగ్గరే."

పద్మావతి వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. స్టెనోగ్రాఫర్ సాక్షి చెప్పింది టైపు చేయదు, అధికారి చెప్పింది టైపు చేస్తుంది. కోర్టులో అంతే, కమిషన్‌లోనూ అంతే. ఆమె నా వైపు చూసింది. రెండో జడ్జి హయాంలో కూడా ఈ అలవాటు ఉందనడానికి ఆ ఫైలు మొత్తంలో దొరికిన సాక్ష్యం ఆ ఒక్క మాటే. అది రాస్తే నివేదిక వాడుక లోపం అవుతుంది, ఉరుకుందమ్మ పేరు బోర్డు మీదికి వెళ్తుంది, ఆమె పేరుతోపాటు నా పేరు కూడా. సుజాతకు నేనిచ్చిన మాట నిలబడుతుంది. ఇవన్నీ నాకు ఆ క్షణంలో తెలుసు. తెలియక చేశానని ఎవరికీ చెప్పలేను.

"రాయమ్మా" అన్నాను. "గతంలో వివిధ కోర్టులలో బెంచి క్లర్కుగా పనిచేసిన అనుభవం నాకు కలదు."

పద్మావతి టైపు చేసింది.

తర్వాత వాంగ్మూలం మొత్తం చదివి వినిపించాను. ఒక్క అక్షరం వదలకుండా, నిదానంగా చదివాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడు ఖాజా హుస్సేన్ తలెత్తి నన్ను చూశాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"సరిగ్గానే ఉండాది సార్. సంతకం యాడ పెట్టాల?" అన్నాడు.

చూపించాను. పెట్టి, సలాం చేసి వెళ్లిపోయాడు. భయపడి అలా చేశాను. పదవీ విరమణకు ఏడాదిన్నర ఉంది, క్రమశిక్షణ గల అధికారి అని పేరు ఉంది. అది పోతుందని భయం. దానికి ఇంకో పేరు పెట్టాలని చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

నివేదిక నాలుగు పేజీలు. వ్యక్తిగత లోపం అని తేల్చాను. జడ్జి సాక్ష్యం వినకుండా సంతకం చేశారు, న్యాయవాది కక్షిదారును వదిలి వెళ్లారు, క్లర్కు తన పరిధి దాటాడు. మూడూ నిజమే. సంక్షిప్తంగా, స్పష్టంగా ఉందని కమిషన్ నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం నా దగ్గర లేదు, చించేశాను.

ఆరు నెలలకు చర్యలు వచ్చాయి. రంగయ్య శెట్టి గారికి హెచ్చరిక. ఖాజా హుస్సేన్‌ను సస్పెండు చేశారు, విచారణ తేలకముందే అతని రిటైర్మెంటు వచ్చింది. సుజాత వార్షిక నివేదికలో ప్రతికూల వ్యాఖ్య రాశారు, ప్రమోషన్ల జాబితాలో ఆమె పేరు ఆగిపోయింది. పక్క బల్లను సొంత ఆలోచనతో ప్రవేశపెట్టిన జడ్జిగా ఆమె రికార్డులో ఉంది. నా నివేదికలో ఆ మాట నేను రాయలేదు. కానీ ఆ అర్థం తప్ప ఇంకో అర్థం వచ్చే వీలు నేను ఉంచలేదు.

తర్వాతి వేసవిలో, కడప క్యాంపులో ఉండగా, ఉరుకుందమ్మ వచ్చింది. కర్నూలు ఆఫీసులో నేను కడపలో ఉన్నానని చెబితే నంద్యాల మీదుగా రెండు బస్సులు మారి వచ్చింది. కొంగు ముడి విప్పి ఒక కవరు తీసింది. కమిషన్ పంపిన ఉత్తరం. ఊళ్లో ఎవరి చేతా చదివించలేదట. సామే సదవాల అనుకొంటి అంది.

చదివాను. మూడు పంక్తులు. "తమరి అర్జీ పరిశీలించబడినది. సదరు విషయములో తగు చర్య తీసుకొనబడినది. ఇందుపై ఇక ఉత్తరప్రత్యుత్తరములు జరుపబడవు."

"ఇంకొకసారి సదవండి" అంది. మళ్లీ చదివాను.

"దీంట్లో నా మాట యాడుండాది సామీ?"

లేదని చెప్పాను. నెలకొకసారి కోర్టుకు పోయి బోర్డు కాడ నిలబడి, వచ్చేపోయే వాళ్లతో చదివించుకున్నానని, యాడా తన పేరు లేదని, అంటించేది మరిచిపోయినారేమో అడుగుదామని వచ్చానని అంది. తొమ్మిది నెలలు అలా తిరిగింది. అలవాటని రుజువు దొరకలేదమ్మా, అందుకే అంటించలేదని చెప్పాను. నా నోటితోనే చెప్పాను.

ఆమె నన్నే ఓదార్చినట్టు అంది.

"మీరేమి జేస్తారులే సామీ. ఆ కోర్టోళ్లు నా మాట మార్సిరి. మీరు మార్సలేదు. నేను చెప్పినట్లే రాసిరి, సదివి ఇనిపిస్తిరి. అంతమందిలో మీరొక్కరే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అటెండరును పిలిచి ఆమెకు మజ్జిగ ఇప్పించమన్నాను. తాగి, ఉత్తరం కొంగులో ముడివేసుకుని, ఎర్రగుంట్ల బస్సు యాడ నిలబడతాదని అడిగింది. ఆ ఉత్తరంతో ఉపయోగం లేదని చెప్పాను.

"గవర్నమెంటు ముద్ర ఉండాది గదా. సూపిస్తా. నమ్మితే నమ్ముతాడు" అని వెళ్లింది.

నమ్మాడో లేదో నాకు తెలియదు.

రిటైరయ్యాక ఒక ఏడాది ఆగి, ఖాజా హుస్సేన్ అన్న మాట, నేను దానికి బదులు రాయించిన మాట రెండూ పక్కపక్కన రాసి కమిషన్‌కు పంపాను. నివేదిక సవరించి వాడుక లోపంగా ప్రకటించమని, ఉరుకుందమ్మ సంగతి బోర్డు మీద పెట్టమని, సుజాత మీద వ్యాఖ్య పునఃపరిశీలించమని కోరాను. రెండు నెలలకు జవాబు వచ్చింది. "తమరి వినతి పరిశీలించబడినది. సదరు ఫైలు మూసివేయబడినది. ఇందుపై ఇక ఉత్తరప్రత్యుత్తరములు జరుపబడవు." సంతకం వేరు, నమూనా అదే. అదే సంగతి ఇంకో ఉత్తరంగా, మీ అమ్మ ఆ మాట అనలేదు, అనలేదని నాకు తెలుసు అని రాసి ఈరన్నకు ఎర్రగుంట్ల చిరునామాకు రిజిస్టర్డు పోస్టులో పంపాను. అందినట్టు కార్డు అతని సంతకంతో తిరిగి వచ్చింది. జవాబు రాలేదు.

ఆ ఉదంతం నాకు నేర్పింది చిన్న విషయమే. చదివి వినిపించినంత మాత్రాన రాసింది నిజం కాదు. సాక్షి ఏమన్నాడన్నది రాసేవాడి చేతిలో ఉంటుంది, ఆ చేతికి స్వార్థం తగిలితే ఏ స్టాంపూ దాన్ని సరిచేయదు. సాక్ష్యంలో తన పేరు వినపడిన అధికారి చేయాల్సింది ఒక్కటే, ఆ మాట రాయించి, ఫైలు మూసి, కుర్చీలోంచి లేవడం. ఆ మధ్యాహ్నం నేను లేవలేదు.